మాట్లాడే మనిషి

మా కాలేజీలో అడ్మిషన్ల టేబుల్ దగ్గర కూర్చోవడం నాకు పదిహేనేళ్ళుగా అలవాటు. నల్లమల అంచున ఉన్న చిన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ మాది. ఫీజు లేదు. సీట్లకు కొదవ లేదు, పిల్లలకే కొదవ. పదో తరగతి మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తెస్తే పావుగంట పని. అయినా ఇన్నేళ్ళలో తండ్రీ కూతురో, తల్లీ కొడుకో ఇద్దరే వచ్చి నా ముందు నిలబడింది చాలా తక్కువ. వెంట మూడో మనిషి ఉంటాడు. మాజీ వార్డు మెంబరో, ఏదో పార్టీ మండల నాయకుడి తమ్ముడో, ఊళ్ళో మీసేవ నడిపే పిల్లాడో. "మేడం, వీళ్ళు మనోళ్ళే, జర చూడుండ్రి" అంటాడు. ఖాళీగా పడి ఉన్న సీటుకు సిఫార్సు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. కూర్చోమని తండ్రికి కుర్చీ చూపిస్తాను. అందులో ఆ వచ్చినాయన కూర్చుంటాడు. తండ్రి తువ్వాల చేత్తో పట్టుకుని నిలబడే ఉంటాడు.

మా ఇంట్లో ఇలాంటాయన్ని 'మాట్లాడే మనిషి' అనేవాళ్ళు. ఆసుపత్రికి పోవాలన్నా, తహసీల్ ఆఫీసుకు పోవాలన్నా, బ్యాంకులో అకౌంట్ తెరవాలన్నా మా అమ్మ అడిగే మొదటి మాట ఒకటే: "ఆడ మాట్లాడెటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

నేను చెప్పే సబ్జెక్టు సివిక్స్. పాఠ్యపుస్తకంలో పౌరుడికీ రాజ్యానికీ మధ్య గీత నేరుగా ఉంటుంది. పౌరుడు ఓటేస్తాడు, ప్రభుత్వం చట్టం చేస్తుంది, అధికారి అమలు చేస్తాడు, తప్పు జరిగితే కోర్టు చూసుకుంటుంది. బోర్డు మీద బాణం గుర్తులతో ఈ బొమ్మ వేసిన ప్రతిసారీ ఆ గీత మధ్యలో తెల్ల చొక్కా వేసుకున్న ఆ మూడో మనిషి నాకు కనిపిస్తాడు. చదువు దగ్గరా అతనే, పని దగ్గరా అతనే, రాజకీయం దగ్గరా అతనే. పాలమూరులో, అంటే మా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, కూలీల గుంపును పనికి కుదిర్చి తీసుకుపోయేవాడి పేరే అతనికి పాత పేరు. మేస్త్రీ.

మా జిల్లాల గురించి హైదరాబాదు నుంచి వచ్చి మాట్లాడేవాళ్ళు, ఇక్కడే పుట్టి మైకు దొరికినవాళ్ళు కూడా, చివరికి ఒక మాట దగ్గర ఆగుతారు. "జనంలో చైతన్యం రావాలి." ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అనేదాన్ని. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత దాదాపు 55 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అట్టడుగున ఉన్న జిల్లాల్లో ఒకటి. ఈ అంకె చెప్పి, కాబట్టి జనానికి తెలియదు, తెలిస్తే నేరుగా వెళ్ళి అడుగుతారు అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట నమ్మను. జనానికి బాగా తెలుసు. తెలిసే మేస్త్రీని వెంటపెట్టుకుని వస్తున్నారు.

మా నాయిన పాలమూరు లేబర్. శ్రీశైలం డ్యాం కడుతున్నప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లాడిగా రాళ్ళు మోశాడు. ఆ తర్వాత మహారాష్ట్రలో కాలువల మీద, రోడ్ల మీద పని. దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ కడుతున్నా అక్కడ పాలమూరు గుంపు ఉంటుందని గర్వంగా చెప్పుకునే రోజులు. అందులో గర్వపడటానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. సొంత జిల్లాలో కృష్ణా పారుతూ ఉంటే, ఆ నీళ్ళు పక్కన పెట్టి, ఎవరి ఊరి కాలువో తవ్వడానికి పోవడం.

ఆ పని నడిచే తీరు తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. పైన కంపెనీ ఉంటుంది. దాని కింద కాంట్రాక్టరు, అతని కింద పెద్ద మేస్త్రీ, ఆయన కింద ఊళ్ళో గుంపు మేస్త్రీ. కంపెనీ డబ్బు మెట్లు దిగుతూ వచ్చి, గుంపు మేస్త్రీ చేతుల మీదుగా కూలీకి అడ్వాన్సు అవుతుంది. పంటలు లేని కాలంలో, ఇంట్లో పెళ్ళో చావో అప్పో ఉన్నప్పుడు ఆ అడ్వాన్సు చేతిలో పడుతుంది. మొగుడూ పెళ్ళాం జంటకు ఇంత అని లెక్క. తీసుకున్నాక ఏడాది దాకా, పని ముగిసేదాకా మధ్యలో వదిలి రావడానికి లేదు. అక్కడ తిండి ఖర్చు రాస్తారు, మందుల ఖర్చు రాస్తారు, చివర్లో లెక్క చూస్తారు. లెక్క పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది. మా నాయిన మూడేళ్ళ పనికి ఇంటికి తెచ్చింది ఒక ట్రంకు పెట్టె, ఒక రేడియో. ఇంకా బాకీ ఉన్నాడని చెప్పి పంపారు.

చట్టం లేదా అంటే ఉంది. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, ఊరు విడిచి వచ్చినందుకు భత్యం, దారి ఖర్చులు ఇవ్వాలి అని ఉండేది, 2025లో అది కొత్త కార్మిక కోడ్‌లో కలిసేదాకా. నేను ఇది క్లాసులో చెబుతూ ఉంటే నవ్వొస్తుంది. ఆ పాస్‌బుక్ ఎట్లా ఉంటుందో మా నాయిన చూడలేదు, మా వాడలో చూసినవాళ్ళను నేను చూడలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. అంత మోసం చేసినవాడి వెంట మళ్ళీ మళ్ళీ ఎందుకు పోయినవు నాయినా అని. "మేస్త్రి మోసం జేస్తడని ఎరుక లేదా బిడ్డా, ఎరుకే. కానీ ఆడ గోడ మీద పడి సచ్చిపోతే శవాన్ని ఇంటికి తెచ్చెటోడు ఎవడు? కంపెనోడు తెస్తడా?"

ఈ జవాబు దగ్గర నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను. మేస్త్రీ దోచుకుంటాడు, నిజమే. కానీ అతని ఇల్లు మన ఊళ్ళోనే ఉంది. అతని బిడ్డ పెళ్ళికి మనం పోవాలి, మన చావుకు అతను రావాలి. అతన్ని నలుగురిలో నిలబెట్టి అడగొచ్చు. కార్మిక శాఖ ఆఫీసు జిల్లా కేంద్రంలో ఎక్కడ ఉందో ఎవరికి తెలుసు? తెలిసినా అక్కడ కూర్చున్నవాడు మళ్ళీ ఏడాది అక్కడే ఉంటాడా? చట్టానికి ఊళ్ళో ముఖం లేదు. మేస్త్రీకి ఉంది. దోచుకునేవాడే దిక్కు కావడం విచిత్రంగా అనిపించవచ్చు కానీ, దిక్కులేనితనం కంటే అది మేలని లెక్కవేసుకున్నవాణ్ణి చైతన్యం లేనివాడని అనలేం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. నాకు ఆరో తరగతిలో హాస్టల్ సీటు ఇప్పించింది ఆ మేస్త్రీయే. మా నాయిన మహారాష్ట్రలో ఉన్నాడు, అమ్మ ఒక్కతే. ఆయన్ని మేం పెద్దనాయిన అని పిలిచేవాళ్ళం. వార్డెన్ దగ్గరికి తీసుకుపోయి, "మా తమ్ముని బిడ్డ, చదువుకుంటది సారూ" అన్నాడు. నేను ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ ఒక్క మాట వల్ల. ఆ తమ్ముని కూలీ డబ్బులు కొట్టేసిందీ ఆయనే.

చాలామంది పిల్లలకు ఆ పాటి పెద్దనాయిన కూడా లేడు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు తల్లిదండ్రులు పుణె, ముంబయి పోతే పిల్లలు కొందరు అవ్వ దగ్గర, కొందరు తల్లి కొంగు పట్టుకుని పని జాగాలో. స్కూలు రిజిస్టర్లో పేరు ఉంటుంది, పిల్లాడు ఇటుకల మధ్య ఉంటాడు. వలసపోయినవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. నా విద్యార్థినుల్లో మెరికల్లాంటివాళ్ళు చాలామంది కస్తూర్బా నుంచి వచ్చినవాళ్ళే.

మేస్త్రీ లేకుండా తలుపు తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయి. అవి గుర్తుపెట్టుకోకపోతే ఇదంతా ఏడుపుగా మిగులుతుంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. దేశంలో ఆ తరహా బడుల్లో మొదటిదని చెబుతారు. పరీక్ష రాయాలి, పేరు జాబితాలో రావాలి, ట్రంకు పెట్టె పట్టుకుని పోవాలి. ఎవరి కొడుకువని అడగరు. భూమి లేని ఇళ్ళ నుంచి పోయిన పిల్లలు అక్కడ చదివి పెద్ద పెద్ద అధికారులయ్యారు. దొర ముందు చెప్పులు విప్పి నిలబడిన తరం ఇంకా బతికి ఉండగానే ఇది జరిగింది.

కానీ గురుకులాల గురించి నాకు ఒక పేచీ ఉంది. తిట్టుకుంటే తిట్టుకోండి. ఊళ్ళో చదివే పిల్లల్లో చురుకైనవాళ్ళను గురుకులం తీసుకుపోతుంది. కాస్త డబ్బున్న ఇంటి పిల్లలను ప్రైవేటు స్కూలు పసుపు బస్సు తీసుకుపోతుంది. ఊరి బడిలో మిగిలేది ఎవరు? బడి గోడ కూలితే సర్పంచును నిలదీసే తండ్రి తన బిడ్డను ఎప్పుడో బయటికి పంపించేశాడు. మిగిలిన పిల్లల తల్లిదండ్రులు పుణెలో ఉన్నారు. అడిగే నోరు లేని బడికి టీచర్లు ఎందుకు వస్తారు, మరుగుదొడ్డి ఎందుకు కడతారు? గురుకులం తలుపు బాగా తెరిచాం, ఊరి బడి తలుపు దగ్గర మనుషులే లేకుండా పోయారు. పైగా సీట్లకు పోటీ పెరిగేకొద్దీ గురుకులానికి కూడా లెటర్లు పట్టుకుని తిరిగేవాళ్ళు బయలుదేరారు. మేస్త్రీ ఎంత కమ్మని వాసననైనా పసిగడతాడు.

ఇక కార్పొరేట్ కాలేజీలకు పిల్లల్ని పట్టి తెచ్చే పీఆర్ఓల గురించి రాయడం మొదలుపెడితే ఇది తెగదు. వేసవి రాకముందే పదో తరగతి పిల్లల జాబితా, తండ్రి ఫోన్ నంబర్లతో సహా, వాళ్ళ చేతిలో ఉంటుంది. "వెయ్యి కట్టి సీటు బుక్ చేస్కోండి, మార్కులను బట్టి ఫీజు తగ్గిస్తం" అని ఇంటికే వస్తారు. అడ్మిషన్‌కు ఇంత అని కమిషన్. ఒక్క తేడా, మా నాయినకు అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చాడు, ఇక్కడ అడ్వాన్సు మనమే ఇస్తాం. సర్టిఫికెట్లు చేతికి ఇచ్చాక నచ్చకపోతే మధ్యలో రావడానికి లేదన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ హైదరాబాదు దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో చదివాడు. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ పడింది. అది కడితేనే ఒరిజినల్స్ ఇస్తామన్నారు. ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్స్ కావాలి. పదిహేను రోజుల గడువు. ప్రభుత్వం బాకీకి పిల్లాడు జామీను అన్నమాట. వాడు అర్జీ రాశాడు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు, నేను కూడా రూల్సు వెతికి ఇచ్చాను. పదమూడో రోజున ఒక నాయకుడి పీఏ ఫోను చేస్తే సాయంత్రానికి సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. ఆ ఫోను చేయించింది నేనే. సివిక్స్ మేడాన్ని. ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను, అది కూడా చెప్పాలి.

రాజకీయం సంగతికి వస్తే, మా పక్క జిల్లా నల్లగొండకు ఓటును ఎట్లా వాడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. 1952 తొలి ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి అక్కడ 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ. రెండు సీట్ల నియోజకవర్గం అది, కమ్యూనిస్టు పార్టీ పేరుతో కాక పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ. తుపాకులు దించి ఏడాది కాలేదు, వెట్టి చేసిన చేతులు మొదటిసారి బ్యాలెట్ పేపరు పట్టుకున్నాయి. దొరకూ తమకూ మధ్య ఉన్న గీతను వాళ్ళు నేరుగా గీశారు.

1996 ఇంకా గొప్పది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంకరపోయిన కాళ్ళతో, గారపట్టిన పళ్ళతో తరాలు గడిచాయి. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ప్రపంచంలో చాలా చోట్ల ఆ పేరు తెలుసు. ఆ పేరున్న ఊరికి మాత్రం కృష్ణా నీళ్ళు రాలేదు. ఎంతమందిని అడిగినా పని కాకపోయేసరికి జల సాధన సమితి పిలుపుతో జనం ఒక పని చేశారు. వందల మంది నామినేషన్లు వేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. నాకు తెలిసి మేస్త్రీ లేకుండా, ఒక రాయి విసరకుండా, రాజ్యాంగం ఇచ్చిన ఫారాన్నే నింపి రాజ్యాన్ని ఆపిన సందర్భం ఇలాంటిది ఇంకొకటి అరుదు. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఇదే దారి పట్టారు.

దీనికి ఢిల్లీ ఇచ్చిన జవాబు చూడండి. అదే ఏడాది చట్టం మార్చారు. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. స్వతంత్రులను పది మంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. ఒక్క నల్లగొండ వల్లే అనను, ఆ ఏడాది తమిళనాడులో మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. కానీ జనం అడిగింది నీళ్ళు. వ్యవస్థకు వినపడింది మాత్రం తలుపు దగ్గర తొక్కిసలాట. నీళ్ళు వచ్చాయి, కాదనను, మెల్లగా, చాలా ఏళ్ళకు. డిపాజిట్ మాత్రం నెలల్లోనే పెరిగింది.

నేరుగా వెళ్ళే దారి మూసుకుపోయాక జనం ఎమ్మెల్యే ఇంటిముందు నిలబడ్డారు. ఇప్పుడు ఏ నియోజకవర్గంలోనైనా పొద్దున ఏడు గంటలకు పోయి చూడండి. ఆసుపత్రి బిల్లులకు ముఖ్యమంత్రి సహాయనిధి కాగితాలు, బదిలీ కాగితాలు, పింఛను కాగితాలు. కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు అర్హత ఉన్న ఇంటికి దక్కాల్సిన సాయం. ఆ చెక్కును స్టేజీ మీద ఎమ్మెల్యే చేతుల మీదుగా ఇచ్చి ఫొటో తీస్తారు. హక్కు కాస్తా ఆయన ఇచ్చినట్టు అవుతుంది. చట్టాలు చేయమని పంపిన మనిషిని మనం గుంపు మేస్త్రీని చేశాం. ఆయనకూ అందులో సుఖముంది. చట్టం బాగా పనిచేస్తే ఆయన ఇంటికి పొద్దున్నే ఎవరు వస్తారు?

మధ్యవర్తిని తీసేయాలని ప్రభుత్వాలు ప్రయత్నించలేదని కాదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారీ సంచిలో ఊరి భూమి మొత్తం ఉండేది, అది పోవడం నిజంగా పెద్ద మార్పు. 2020లో వీఆర్ఓలను, అంటే గ్రామ రెవెన్యూ అధికారులను, తీసేసి భూమి రికార్డులన్నీ పోర్టల్‌లో పెట్టారు. ఇక మనిషితో పని లేదన్నారు. మనిషి పోయాడు కానీ మధ్యవర్తి పోలేదు. పోర్టల్‌లో ఏ మాడ్యూల్ నొక్కాలో తెలిసిన నెట్ సెంటర్ పిల్లాడు కొత్త పట్వారీ అయ్యాడు. 2025లో మళ్ళీ గ్రామానికో పాలనాధికారి కావాలని వేశారు. ముఖం ఉన్న మనిషిని తీసేస్తే అన్యాయం పోదు, అడగడానికి దొరికే చోటు పోతుంది. మా నాయిన ఎప్పుడో చెప్పిన సంగతే ఇది. హైదరాబాదులో బైక్ మీద తిండి పార్సిళ్ళు మోసే మా ఊరి పిల్లలకు ఇప్పుడు మేస్త్రీ ఫోన్లోనే ఉన్నాడు. ఐడీ బ్లాక్ చేస్తే ఎవరి ఇంటికి పోయి పంచాయితీ పెట్టాలో వాళ్ళకు తెలియదు.

నా లెక్కలో ఈ మొత్తంలో మేస్త్రీ లేని దారికి కాస్త దగ్గరగా వచ్చింది ఉపాధి హామీ. మా దగ్గర కరువు పని అంటారు. 2006లో మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఆ చట్టం కాంట్రాక్టరును వద్దంది. పని అడిగితే తేదీ వేసి రశీదు ఇవ్వాలంది. డబ్బు కూలీ పేరు మీదే పడాలంది. అన్నింటికంటే నాకు నచ్చింది సామాజిక తనిఖీ. ఎవరి పేరు మీద ఎన్ని పనిదినాలు రాశారో, ఎంత డబ్బు వచ్చిందో ఊరందరి ముందు గట్టిగా చదువుతారు. మా ఊళ్ళో మొదటి తనిఖీ నాడు, చచ్చిపోయినవాడి పేరు మీద మస్టర్, అంటే పని హాజరు, ఉందని తేలితే ఒక ముసలమ్మ లేచి, "నా మొగుడు పైన గూడ తట్ట మోస్తుండా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఊళ్ళో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ భయపడ్డట్టు నేను ఏ కలెక్టరుకూ భయపడటం చూడలేదు. అడ్వాన్సు తీసుకోకుండా ఎండాకాలం గడపవచ్చని మా వాడ ఆడవాళ్ళకు మొదటిసారి తెలిసింది అప్పుడే. తర్వాత్తర్వాత ఫీల్డ్ అసిస్టెంట్ ఏ పార్టీవాడన్నది ముఖ్యమైంది, రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో పడకపోతే కూలీ పడదన్నారు, సిగ్నల్ లేని గుట్టల్లో ఆడవాళ్ళు ఫోను పైకెత్తుకుని నిలబడ్డారు. అయినా, లెక్క పుస్తకం మేస్త్రీ చేతిలోంచి ఊరి మధ్యకు వచ్చిన రోజు ఒకటి ఉందని నేను చూశాను కాబట్టి, ఇది జరగని పని అని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

ఇప్పుడు కథ తిరగబడింది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక మా వైపు వరి పెరిగింది. నాట్లకు మనుషులు లేరు. ఒకప్పుడు పుణె పోయిన మా చిన్నాయన ఇవాళ బీహార్ గుంపు మేస్త్రీకి ఫోను చేసి ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటున్నాడు. "ముందుగాల అడ్వాన్సు అడుగుతున్నరు బిడ్డా, వాళ్ళ తాన నమ్మకం లేదు" అని నాతోనే అంటాడు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీలు బీహార్ వాళ్ళే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ మన రాష్ట్రం వాళ్ళు కాదు. నలుగురు కూలీలు జార్ఖండ్ వాళ్ళు. నెలల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. నల్లగొండకు నీళ్ళు తేవడానికి తవ్విన సొరంగం అది. టీవీలో ఆ వార్త చూస్తూ మా నాయిన అన్నం ముట్టలేదు. "ఆళ్ళ మేస్త్రి ఎవరో" అన్నాడు, అంతే.

మొన్న జూలైలో మా ఊరి ప్రాథమిక పాఠశాలకు పోయాను. అక్కడి హెడ్మాస్టరు నాతో కలిసి చదువుకున్నవాడు. నాట్లకు వచ్చిన బీహార్ కుటుంబం ఒకటి కోళ్ళఫారం దగ్గర రేకుల గదిలో ఉంటోంది. వాళ్ళకు ఎనిమిదేళ్ళ పిల్లాడు. ఆ రోజే తండ్రి పిల్లాణ్ణి బడికి తెచ్చాడు. టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కాగితాలు లేవని చేర్చుకోకపోవడానికి వీల్లేదని నేను అనబోయాను. హెడ్మాస్టరు చెయ్యి ఎత్తి, "నాకు తెలుసులే మేడం" అని నవ్వి రిజిస్టర్ తెరిచాడు.

తండ్రి ఒక్కడే రాలేదు. వెంట ఒకాయన వచ్చాడు. వచ్చీరాని తెలుగులో, "సార్, మా మనిషే, చూడండి" అన్నాడు. హెడ్మాస్టరు కుర్చీ చూపించాడు. అందులో ఆయనే కూర్చున్నాడు. పేరు రాశారు, ఊరు రాశారు. సంరక్షకుడి పేరు అన్న గడి దగ్గర హెడ్మాస్టరు పెన్ను ఎత్తి తండ్రి వైపు చూశాడు. ఆ తండ్రి మేస్త్రీ వైపు చూశాడు.